ఆకరం మూసిన పరిశోధన: అద్దంకి శాసనం చెప్పే పాఠం

క్రీ.శ. 848 ప్రాంతానికి చెందిన అద్దంకి పండరంగని శాసనంలోని తరువోజ పద్యం, నన్నయకు రెండు శతాబ్దాల ముందే తెలుగులో పద్యరచన ఉండేదని నిరూపించింది. ఆ నిరూపణకు బలం పరిష్కర్తల పాండిత్యం ఒక్కటే కాదు. శాసనపాఠంతోపాటు రాతి అక్షరాల ప్రతిబింబాన్ని కూడా ప్రకటించడం శాసనపరిశోధనలో స్థిరపడిన మర్యాద. అందుచేతనే సేనాని పేరు పండరంగడా, పాండురంగడా అన్న చర్చలో ఎంతటి పండితుని మాటకైనా అక్షరమే సాక్షి కావలసి వచ్చింది.

మనోవిజ్ఞానశాస్త్రం ఈ మర్యాదను పరువు పోగొట్టుకొన్న తరువాత నేర్చుకొన్నది. డచ్చి దేశీయుడైన డీడెరిక్ స్టాపెల్ దత్తాంశాన్ని కల్పించి వ్యాసాలు ప్రకటించినట్లు 2011లో బయటపడింది. 2015లో 'సైన్స్' పత్రిక ప్రకటించిన సామూహిక పరిశీలనలో 100 అధ్యయనాలను తిరిగి నిర్వహించారు. మూల అధ్యయనాలలో 97 శాతం సాంఖ్యక ప్రాముఖ్యం గల ఫలితాలను చూపగా, పునఃపరీక్షలో 36 శాతమే అట్లా నిలిచాయి. పరికల్పనను ముందుగా నమోదు చేయడం, దత్తాంశాన్ని బహిరంగపరచడం అనే పద్ధతులు ఆ శాస్త్రంలో బలపడటానికి ఇటువంటి అనుభవాలే కారణం.

"సాహిత్యం ప్రయోగశాల కాదు" అన్న సమాధానం ఇక్కడ సిద్ధంగా ఉంటుంది. అది సగం నిజం. ఎఱ్ఱన కవిత్వాన్ని వ్యాఖ్యానించే వారిని పరికల్పన ముందే నమోదు చేయమనడం అసంగతం. కాని మాండలిక సేకరణ, జానపద గేయాల ధ్వనిముద్రణ, తాళపత్ర ప్రతుల పాఠభేద పరిశీలన, పాఠకుల ప్రశ్నావళి వ్యాఖ్యానాలు కావు, సాక్ష్యాలు. శోధగంగలో సిద్ధాంతగ్రంథం దొరికినంత మాత్రాన ఆ సాక్ష్యం దొరికినట్లు కాదు. నిర్ణయం మాత్రమే అందరిదై, ఆధారం పరిశోధకుని బీరువాలో మిగిలితే దానిని పరీక్షించే మార్గం లేదు. పరీక్షకు నిలవని నిర్ణయాన్ని ఉటంకించడం పరిశోధన కాదు, విశ్వాసం.

ఇది పరాయి ఆచారమూ కాదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి వెలువరించిన వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం ఏ మాట ఏ ప్రాంతానిదో చెప్పి, సేకరణనే పాఠకుల ముందుంచింది.

వక్తల గోప్యతను కాపాడవలసిందే, పేర్లు తొలగించవచ్చు. శ్రమ ఇతరుల పాలవుతుందన్న భయానికి నియత కాలపు గడువు ఇవ్వవచ్చు. ఈ రెండూ షరతులు కాగలవు గాని సాకులు కారాదు. సిద్ధాంతగ్రంథంతోపాటు ధ్వనిముద్రణలను, ప్రశ్నావళులను, పాఠభేద పట్టికలను విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో సమర్పించాలని తెలుగు శాఖలు నియమం చేయాలి. తొమ్మిదవ శతాబ్దపు రాయి నేటికీ పరీక్షకు నిలుస్తుండగా, నిన్నటి క్షేత్రపరిశోధన నిలవలేకపోవడం తెలుగు పరిశోధనకు గౌరవం కాదు.