గేటు దాకా వెళ్లి అడగండి



మన సంఘాల పిల్లలు కొందరు ఉద్యోగాల్లో స్థిరపడి, అమ్మానాన్నలకు బ్యాంకాక్ చూపించడానికి తీసుకువెళ్తున్నారు. సంతోషమే. అయితే బయలుదేరే ముందు ఒక మాట.

అక్కడి రాజుల పాత నివాసం గ్రాండ్ ప్యాలెస్. ఆ దారిలో మంచి బట్టలు వేసుకున్న మనిషి నవ్వుతూ ఎదురొస్తాడు. "ఈరోజు ప్యాలెస్ మూసేశారండీ, ఏదో వేడుక ఉంది" అంటాడు. 20 బాత్‌లకే ఊరంతా తిప్పుతానని టుక్‌టుక్ వాడు, అంటే మన ఆటోవాడి లాంటివాడే, సిద్ధంగా ఉంటాడు. చివరకు రంగురాళ్ల దుకాణం ముందు దింపుతాడు. "ఈ నీలాలు మీ దేశంలో రెండింతలకు అమ్ముకోవచ్చు" అని అక్కడివాళ్లు ఆశపెడతారు. ఇంటికొచ్చి చూపిస్తే పెట్టిన సొమ్ములో కొంచెమైనా రాదు. తీసుకెళ్లినవాడికి మాత్రం కమీషన్ ముడుతుంది.

యెహోషువ గ్రంథము 9వ అధ్యాయములో గిబియోనువారు ఇలాగే వచ్చారు. బూజుపట్టిన రొట్టెలు, పాత చెప్పులు చూపి, దూరదేశం నుండి వచ్చామన్నారు. ఇశ్రాయేలు పెద్దలు కంటితో చూసినది నమ్మారు గాని దేవుని అడగలేదు. వారు పొరుగువారేనని మూడు దినములకు తెలిసింది. అప్పటికే ప్రమాణం చేసేశారు.

కాబట్టి దారిలో విన్న మాట నమ్మక గేటు దాకా వెళ్లి అడగండి. మీటరు వేస్తేనే టాక్సీ ఎక్కండి. రాళ్లు కొనకండి. మోసపోతే సిగ్గుపడి దాచకుండా టూరిస్టు పోలీసులకు, 1155కు ఫోన్ చేయండి.

రెండింతల లాభమని వినగానే మన హృదయంలో ఏమి కదిలిందో, దాని గురించి ప్రభువును అడగండి. ఆయన మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.