దారి పక్కన నీళ్ళు

నిర్గమకాండము 15వ అధ్యాయములో ఏలీము కనబడుతుంది. ఎడారి మధ్య 12 నీటి బుగ్గలు, 70 ఈతచెట్లు. బాటసారులకు అంతకంటె ఏమి కావాలి?

మన మెట్టప్రాంతములోను అలాంటి మజిలీ ఒకటి ఉన్నది. ఒంగోలుకు ఉత్తరాన సుమారు 10 మైళ్ళలో, మద్రాసు నుండి వచ్చే పెద్ద రోడ్డు గుండ్లకమ్మను దాటే చోట వెల్లంపల్లి గ్రామము. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి వచ్చే ఏరు అది.

1876-78 మధ్య ధాత కరువు వచ్చింది. పైర్లు ఎండిపోయాయి. జనము గంజికి మొగము వాచారు. ఆ రోజులలో బకింగ్‌హాం కాలువ తవ్వకము సాగుతున్నది. ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారికి పూర్వమే సర్వే పని తెలుసు. ఆయన మూడున్నర మైళ్ళ కాలువ పనిని కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి దొరికేలా చేశారు. బోధకులే మేస్త్రీలు. పని ఆగిన వేళ వారే వాక్యము చెప్పేవారు.

అనేకులు బాప్తిస్మము అడిగారు. సంఘములో పేర్లు పెంచుకోవాలంటే అంతకు మించిన అదను లేదు. అయినా దొరగారు ఒప్పుకోలేదు. కరువు సాయము సాగిన 15 నెలలు ఒక్కరికైనా బాప్తిస్మము ఇవ్వలేదు. కూటి కోసం ఎవరూ విశ్వాసినని చెప్పుకోరాదని ఆయన పట్టుదల.

1878లో సాయము ముగిసింది. ఇక పంచడానికి ఏమీ లేదన్నా జనము కదలి వచ్చారు. ఒంగోలులో మశూచి ఉన్నందున వెల్లంపల్లి ఏటి ఒడ్డున కూడుకున్నారు. బోధకులు ఒక్కొక్కరినీ విచారించారు. తరువాత ఆరుగురు, ఇద్దరిద్దరుగా వంతులు వేసుకొని నీటిలో నిలిచారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తము 3,536 మంది బాప్తిస్మము పొందారు.

ప్రియ పాఠకులారా, 2,222 అనే సంఖ్యను మనము తరచు చెప్పుకుంటాము. దాని వెనుకనున్న 15 నెలల ఓపికను మరచిపోతాము. ఏలీము బుగ్గలు దాహముతో వచ్చినవారిని ఏ వెలా అడగలేదు. ఇంట్లో పనిచేసే ఆమె బిడ్డకు పుస్తకాలు కొనిచ్చినప్పుడు, తుపాను వేళ సంఘము బియ్యము పంచినప్పుడు, మనమూ ఏదీ అడగకుండా ఇద్దాము. పుచ్చుకొన్నవారు మన గుమ్మము నుండి తల ఎత్తుకొని వెళ్ళాలి. తిరిగి రావడము, రాకపోవడము వారి ఇష్టము.