ఆగిన గడియారము

బజారు మలుపున గాని, బస్సుస్టాండు ఎదుట గాని గాజుపెట్టె ముందుంచుకొని, కంటికి భూతద్దము తగిలించుకొని, తల వంచి పనిచేయు గడియారముల మరమ్మతుదారుడు మన పట్టణములలో ఒకప్పుడు తప్పక కనిపించెడివాడు. నేడు ఆ గాజుపెట్టెలు తగ్గిపోయినవి. మిగిలినవారిలోను పెక్కురు బ్యాటరీలు మార్చుచు, పట్టీలు బిగించుచు కాలము గడుపుచున్నారు. ఇదే సమయమున మరియొక వింత జరుగుచున్నది. కీ ఇచ్చు పాత చేతి గడియారములను, ఉత్పత్తి ఆగిపోయిన పాత కార్లను వెదకి తెచ్చి మరల నడిపించు అభిరుచి చదువుకొన్న యువకులలో కానవచ్చుచున్నది. చేతిలోని ఫోను క్షణము తప్పక కాలము చెప్పుచుండగా, దినమునకు నిమిషము తప్పు పోవు గడియారముతో పని యేమని నవ్వువారు కలరు. ఆ నవ్వునకు సమాధానము చెప్పవలసియున్నది. అంతకు ముందు, ఆ అభిరుచి కలవారికి ఒక హెచ్చరిక చేయవలసియున్నది.

ఆ హెచ్చరిక మా అనుభవము నుండి పుట్టినది. మా తండ్రిగారు ఉపాధ్యాయులు. ముప్పది యేండ్లు ఆయన చేతికి హెచ్.ఎం.టి. ‘జనతా’ గడియారముండెను. దాని తెల్లని ముఖము కాలక్రమమున మీగడ రంగుకు తిరిగెను. ఆరు గంటల గుర్తు కడ చిన్న మరక యుండెను. ఆయన గతించిన పిమ్మట దానిని బాగుచేయింపదలచి, మరమ్మతుదారుని ‘కొత్తదానివలె చేసి యిమ్ము’ అని కోరితిమి. అతడు కోరినట్లే చేసెను. ముఖమునకు కొత్త రంగు, కొత్త అక్షరములు, పైతొడుగుకు కొత్త మెరుగు వచ్చినవి. ఇంటికి తెచ్చి అమ్మ చేతిలో పెట్టగా, ఆమె అటునిటు త్రిప్పి చూచి, ‘బాగుంది నాయనా, మరి నాన్నగారిది ఎప్పుడిస్తాడట?’ అని అడిగెను. తప్పు మరమ్మతుదారునిది కాదు, అట్లు కోరిన మాది.

పునరుద్ధరణ మనగా పాతవస్తువును కొత్తది చేయుట కాదు. ఆగినదానిని నడిపించుట, నడిపించుటకు అవసరమైనంతకు మించి దేనిని తుడిచివేయకుండుట. ఈ రెండవ భాగమే కష్టమైనది.

ఈ విద్యకు మేలుబంతి యనదగిన కథ యొకటి ఇంగ్లండులో జరిగినది. నడిసముద్రమున ఓడ ఎంత తూర్పున నున్నదో, ఎంత పడమట నున్నదో తెలియవలెనన్న, బయలుదేరిన రేవులోని కాలము నావికునికి తెలియవలెను. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును గనుక, నాలుగు నిమిషముల తేడా ఒక డిగ్రీ రేఖాంశమగును. కాని అలల ఊపునకు, ఎండకు, చలికి తప్పని గడియారము ఆనాడు లేదు. అట్టి ఉపాయము చూపినవానికి 20,000 పౌనుల వరకు బహుమానము నిచ్చుటకు 1714లో బ్రిటిషు పార్లమెంటు శాసనము చేసెను. వడ్రంగము నేర్చిన జాన్ హారిసన్ తన జీవితమును ధారపోసి, ఒకదాని వెంట ఒకటిగా సముద్ర గడియారములను నిర్మించి దానిని సాధించెను. 1759లో పూర్తియైన ఆయన నాలుగవ గడియారము, 1761లో జమైకాకు బయలుదేరిన ఓడలో తన శక్తిని నిరూపించుకొనెను.

ఇంతటి యంత్రములు గ్రీనిచ్ వేధశాల అధీనమున మకిలిపట్టి, చిలుము పట్టి మూలపడియుండగా, 1920లో రూపర్ట్ గౌల్డ్ అను నౌకాదళోద్యోగి వానిని చూచెను. అతడు వృత్తిచేత గడియారముల పనివాడు కాడు. గడియారములపై ప్రీతి మాత్రమే అతని అర్హత. అనుమతి పొంది, ప్రతిఫలము కోరక, వానిని బాగుచేయ పూనుకొనెను. మూడవ గడియారములో 753 భాగములున్నవి. దానికే ఏడేండ్లు పట్టినది. మొదటి గడియారము మరల సంపూర్ణముగా నడచుట 1933 నాటి మాట. గౌల్డ్ చేసిన మరియొక పనిని మన విద్యార్థులు ప్రత్యేకముగా గమనింపవలెను. ఏ భాగము ఎట్లున్నదో, తాను దానికి ఏమి చేసెనో బొమ్మలతో సహా 18 నోటుపుస్తకములలో వ్రాసియుంచెను. పిమ్మట వచ్చువారు హారిసన్ పని యేదో, తన పని యేదో వేరుచేసి చూడవలెనని ఆ శ్రమ.

ఆ గడియారములు నేటికిని గ్రీనిచ్‌లో ఉన్నవి. మొదటి మూడును నడుచుచున్నవి. అన్నిటికంటె ఘనమైన నాలుగవదానిని మాత్రము ఆపియుంచినారు. దానికి నూనె కావలెను. నూనెతో నడచినకొలది అరుగుదల తప్పదు. నడువగల యంత్రమును నడపక కాపాడుటయు పునరుద్ధరణలో భాగమే. ఆ మూడవ గడియారము కొరకు హారిసన్ కల్పించిన రెండు లోహముల పట్టీ వంటిదే నేడు మన ఇస్త్రీపెట్టెలలో వేడిని అదుపు చేయుచున్నది. దానికొరకే అతడు కల్పించిన దొర్లుడు బేరింగుల సంతతి నేడు ప్రతి కారు చక్రములోను తిరుగుచున్నది. పాత యంత్రమును విప్పి చూచుట గతమును తలచి నిట్టూర్చుట కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

మన దేశమునకు వత్తము. 1961లో బెంగుళూరున జపాను సిటిజెన్ సంస్థ సహకారముతో హెచ్.ఎం.టి. చేతి గడియారముల నిర్మాణ మారంభమైనది. పెండ్లిలో అల్లునికి పెట్టిన వాచీ, పరీక్ష ప్యాసైన కొడుకునకు కొన్న వాచీ, ఉద్యోగ విరమణ నాడు సహోద్యోగులు కట్టిన వాచీ ఎన్నో ఇండ్లలో అదియే. ‘జనతా’ యంత్రము సెకనుకు ఐదుమార్లు, దినమునకు 4,32,000 మార్లు ‘టిక్కు’మనును. అంత పని చేయుటకు దానికి కావలసినది ఉదయము ఒకసారి కీ ఇచ్చుట, కొన్నియేండ్ల కొకసారి శుభ్రము చేసి నూనె వేయుట. దాని ముఖముపై వ్రాసిన 17 ‘జ్యుయెల్సు’ అలంకారములు కావు. అరుగుదల తగ్గించుటకు ఇరుసుల కొనలకడ అమర్చిన కృత్రిమపు కెంపులు. సెకనుకు 32,768 మార్లు కంపించు స్ఫటికము గల క్వార్ట్‌జ్ గడియారము దీనికంటె ఖచ్చితమైనది, చవుకైనది, అందులకే గెలిచినది. 2016లో కేంద్రప్రభుత్వము హెచ్.ఎం.టి. గడియారముల సంస్థను మూసివేయ నిర్ణయించినది.

నాటినుండి ఒక పాత గడియారము బ్రతుకవలెనన్న, తరచుగా మరియొక పాత గడియారము తన భాగముల నీయవలసి వచ్చుచున్నది. ఇందు దోషము లేదు. కాని మూడింటి ముక్కలు ఒకటిగా కూర్చి, కర్మాగారము ఎన్నడు నెరుగని రంగులు ముఖమునకు పూసి, ‘అసలైన పాత గడియారము’ అని అమ్ముట వ్యాపారమై పోయినది. ఇది చరిత్రలో దొంగ శాసనము చెక్కుట వంటిది. కొనువాని డబ్బు పోవుట చిన్న నష్టము. ముందు తరమువారికి అసలు రూప మేదియో తెలియకపోవుట పెద్ద నష్టము.

కార్ల విషయమునను న్యాయ మిదియే. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున 1912 నాటి నిజాము రోల్స్ రాయిస్ కారు చూచినవారు ఆశ్చర్యపడుదురు. కాని సామాన్యుని జ్ఞాపకములో నిలిచినది 1950ల చివర మొదలై, 2014లో ఉత్తరపారాలో నిర్మాణ మాగిన అంబాసిడరు. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనలు ఏబది యేండ్లు దాటిన వాహనమును, అసలు రూపము గణనీయముగ మారకయున్నచో, ప్రత్యేకముగ నమోదు చేయుటకు వీలు కల్పించినవి. నిత్యవ్యవహారమునకు గాని, వ్యాపారమునకు గాని దానిని నడుపరాదు. వయస్సుతోపాటు నిజాయితీని గూడ చట్టము కోరుట సంతోషింపదగినది.

ఇది ధనికుల వినోదమే యను ఆక్షేపణ కార్లపట్ల చాలవరకు నిజము. వానిని ఉంచుటకు స్థలము, పోషించుటకు ధనము, భరించుటకు ఓర్పుగల ఇరుగుపొరుగు కావలెను. గడియారముపట్ల అది నిజము కాదు. ఆగిన అలారం గడియారమో, గోడ గడియారమో లేని ఊరు లేదు. ఉపాధ్యాయు లట్టి దానిని తరగతికి తెప్పించి, ఊరిలోని మరమ్మతుదారుని గౌరవముగ పిలిపించి, పిల్లల యెదుట విప్పింపవలెను. చుట్టబడిన స్ప్రింగులోని శక్తి ఒక్కసారిగ విడివడక, పండ్లచక్రముల వెంట కొంచెము కొంచెముగ ఎట్లు జారుచున్నదో చూచిన బాలునకు భౌతికశాస్త్ర పాఠము మరల చెప్పనక్కరలేదు. విప్పిన ప్రతి మరను, దాని చోటును పిల్లలు నోటుపుస్తకమున బొమ్మ గీయవలెను. ఒక జాగ్రత్త మాత్రము అవసరము. పాత గడియారములలో, చీకటిలో వెలుగు ముండ్లు, అంకెలు గలవానిని విప్పరాదు. వానిలో రేడియం ఉండవచ్చును. వెలుగు పోయినను, 1,600 సంవత్సరముల అర్ధాయువు గల ఆ పదార్థము పోదు.

ఆ గాజుపెట్టె వెనుక కూర్చున్న మనిషి చేతిలో నున్న విద్య ఏ పుస్తకమునను పూర్తిగా లేదు. అతని పిల్లలు వేరు వృత్తులలో స్థిరపడినారు. అతని చేయి వణకక మునుపే, అతడు చెప్పునది వినుటకు ఇద్దరు విద్యార్థులు, వ్రాయుటకు ఒక నోటుపుస్తకము దొరకిన చాలును. గడియారము ఆగినచో మరల నడిపింపవచ్చును. ఆ విద్య ఆగినచో నడిపించువా రెవరు?

మా తండ్రిగారి గడియారము నేడు చక్కగ నడుచుచున్నది. పోయిన ముఖము మరల రాదు. ఆ మరక ఎక్కడ, ఎంత యుండెనో అమ్మ నడిగి, బొమ్మ గీసి, గడియారముతోపాటు పెట్టెలో భద్రపరచితిమి.