తల్లి పులస



గోదావరికి ఎర్రనీరు తగిలితే మన కోరుకొండలోనూ పులస మాటే. పుస్తెలమ్మైనా తినాలంటారు. ఆ సామెత పుట్టించింది పుస్తె కట్టినవాడే అయ్యుంటాడు, కట్టించుకున్నావిడ కాదు!

సముద్రంలోని విలస గుడ్లు పెట్టడానికే ఏటికి ఎదురీది పులస అవుతుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక దాని దారికి ధవళేశ్వరం అడ్డమైంది. ఆ వచ్చినవాటిలో జన ఉన్న చేపనే మనం ఏరి కొంటాం.

అమెరికాలో స్టీల్‌హెడ్ చేపను గాలంతో పట్టి తిరిగి ఏట్లో వదిలేస్తారు. పులసకు అది కుదరదు. వలలో చిక్కి పైకొచ్చిందంటే ప్రాణం నిలవదు. కనుక వదలడమంటే వల వేయకపోవడమే. మన సముద్ర వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. పులస వచ్చేది ఆ తర్వాత. బంగ్లాదేశ్‌లో గుడ్లు పెట్టే కాలాన 22 రోజులు ఈ చేప వేట ఆపి, జాలరి కుటుంబాలకు బియ్యం ఇస్తారు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, గూడు దొరికితే తల్లిపిట్టను పోనివ్వాలని ఆజ్ఞ ఉంది. మనం తల్లినీ గుడ్లనీ ఒకే దాకలో పులుసు పెడుతున్నాం.

జాలరిని నేను తప్పుపట్టను, అతనికి ఏడాదిలో నాలుగు డబ్బులు కనపడేది ఈ వరదల్లోనే. కొనేది మనం. ఈసారి జన చేప అడగకండి. వరద రోజుల్లో కొన్నాళ్లు వల ఆపి, ఆ రోజులకు బియ్యం ఇమ్మని ప్రభుత్వానికి అర్జీ పెడదాం. మొదటి సంతకం నాది.