టాపులో చిల్లు, చెవుల్లో హోరు

"తార్ అంటే అంతే బాస్!"

గత ఎనిమిది నెలల్లో ఈ మాట కనీసం పాతికసార్లు విన్నాను. ఆఫీసు పార్కింగులో విన్నా, నానక్‌రాంగూడ చాయ్ బండి దగ్గర విన్నా, చివరికి నాకు బండి అమ్మినాయన నోట కూడా విన్నా. గాలి హోరు తట్టుకోలేనివాడు సెడాన్ కొనుక్కోవాలట. మగాడైతే భరించాలట. హ్మ్...

నాది సెకండ్ హ్యాండ్ పాత తార్. 2010 లో మొదలై 2020 దాకా అమ్మిన ఆ మోడల్ కంపెనీ నుంచి గుడ్డ టాపుతోనే వచ్చేది. నా ముందు ఓనరు బయట ఫైబర్ హార్డ్‌టాప్ వేయించాడు. బోల్టులు విప్పితే ఊడొస్తుంది. (మీరూ వేయించుకోండని చెప్పట్లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, దానిమీద 2019 లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివి, ఆర్టీఏ ఆఫీసులో కనుక్కుని అప్పుడు ఆలోచించండి.) సిటీలో దీనితో ఏ గొడవా లేదు. సాయంత్రం ఆరింటికి గచ్చిబౌలిలో గాలి సంగతి దేవుడెరుగు, అసలు బండే కదలదు :) సినిమా అంతా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాకే.

ఆమధ్య అమ్మని యాదగిరిగుట్ట తీసుకెళ్తున్నా. ఎనభై దాటగానే టాపు దగ్గర ఈల మొదలైంది. ఉక్కగా ఉందని వెనక స్లైడింగ్ అద్దం ఒక్కటి తెరిచా. అంతే! చెవుల్లో దబ్ దబ్ దబ్ మని ఎవరో గుద్దుతున్నట్టు. "ఒరేయ్, తల పగిలిపోతోందిరా, ఏదో ఒకటి చెయ్యి" అంది అమ్మ. నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, పాటల సౌండు పెంచా. కాసేపయ్యాక అద్దంలో చూస్తే వెనక అంబులెన్సు. లైట్లు తిరుగుతున్నాయి, సైరన్ కూడా మోగుతూనే ఉండుంటుంది. నాకు వినబడలేదు. ఎంతసేపట్నుంచి నా వెనక ఉన్నాడో కూడా తెలీదు. గబగబా పక్కకి తప్పుకున్నా గానీ, గుట్ట చేరేదాకా అమ్మ మొహం చూడలేకపోయా.

ఆ రోజునుంచి "అంతే బాస్" అనేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతోంది.

సరే, యాక్సెసరీస్ షాపుకెళ్ళా (పేరెందుకులెండి). ఆయన బండి ఎక్కలేదు, నడపలేదు, కనీసం తలుపు తీసి చూడలేదు. "డ్యాంపింగ్ షీట్లు సార్, ఫుల్ క్యాబిన్, ముప్ఫై ఎనిమిది వేలు" అన్నాడు. ఆయన్ని అనడానికి లేదు, వ్యాపారం. మా టీంలోనే ఇద్దరు ఇలా వేయించుకుని, హోరు తగ్గకపోతే ఇంకో లేయరు వేయించుకున్నారు. ప్రొడక్షన్లో టికెట్ పడితే ఐదుసార్లు "ఎందుకు" అని అడిగి రూట్ కాజ్ రాసే మనుషులు వీళ్ళు! లాగ్ చూడకుండా సర్వర్ మార్చేద్దాం అని జూనియర్ అంటే ఊరుకుంటారా? సొంత బండి దగ్గరికొచ్చేసరికి ఆ బుర్రంతా లాప్‌టాప్ బ్యాగులో పెట్టేస్తారు.

అసలు ఇక్కడున్నవి రెండు వేర్వేరు రోగాలు బాబూ.

మొదటిది ఈల. టాపుకీ ముందు అద్దం ఫ్రేముకీ మధ్య, తలుపు అంచుల దగ్గర ఉండే సందు. డ్యాంపింగ్ షీటు రేకో ఫైబరో అదిరితే ఆ అదురు తగ్గిస్తుంది, సందు పూడ్చదు. గోడ ఎంత మందమైనా సరే, దాని వైశాల్యంలో ఒక్క శాతం కన్నం ఉంటే మొత్తం మీద 20 డెసిబెల్స్ కంటే ఎక్కువ ఆపలేదు. ముప్ఫై ఎనిమిది వేలు పోసినా ఆ లెక్క మారదు. కన్నం ఎక్కడుందో తెలుసుకోవడానికి మాస్కింగ్ టేప్ చాలు. అన్ని అతుకుల మీదా టేపేసి ఔటర్ మీద ఒక రౌండు, తర్వాత సగం పీకి ఇంకో రౌండు... అచ్చంగా బైనరీ సెర్చ్. తలుపుకైతే పది రూపాయల నోటు మధ్యలో పెట్టి మూసి లాగండి. సులువుగా జారొచ్చేస్తే అక్కడ రబ్బరు బీడింగ్ పనిచెయ్యట్లేదన్నమాట. నేను రాణిగంజ్‌లో మీటరు లెక్కన బీడింగ్ కొన్నా. మెకానిక్ కూలితో కలిపి రెండు వేలు దాటలేదు.

రెండోది ఆ దబదబ. చిన్నప్పుడు ఖాళీ సీసా మూతి మీద ఊదితే బూమ్మనేది గుర్తుందా? ఇదీ అదే, హెల్మ్‌హోల్ట్జ్ రెజొనెన్స్. బండి లోపల భాగం సీసా, తెరిచిన అద్దం దాని మూతి. మూతి అంచున గాలి సుడులు తిరుగుతుంది, ఆ సుడుల లయ క్యాబిన్ సొంత లయతో కలిసిందా, లోపలి గాలి మొత్తం ఊగిపోతుంది. దాదాపు 20 హెర్ట్జ్ దగ్గర కాబట్టి వినబడే దానికంటే చెవిని నొక్కడం ఎక్కువ. పరిష్కారం పైసా ఖర్చులేదు. ముందు అద్దం రెండంగుళాలు దించండి. అవును, ఇంకోటి తెరవాలి! ఆ రోజు నేను పాటల బటన్ బదులు అద్దం హ్యాండిల్ పట్టుకుని ఉంటే అయిపోయేది. రాంగ్లర్ వాళ్ళు ముందు రెండు ప్యానెళ్ళు తీసి వెనక టాపు ఉంచి నడిపినా ఇదే రోగం రావచ్చు. సన్‌రూఫ్ తెరవగానే ముందంచున చిన్న రెక్క లేస్తుంది చూడండి, ఆ సుడుల్ని చెదరగొట్టడానికే అది.

ఇక వేగం. 2023 లో ఔటర్ మీద గరిష్ఠ వేగం వంద నుంచి 120 కి పెంచారు. గాలి శబ్దం శక్తి సుమారుగా వేగం ఆరో ఘాతంతో పెరుగుతుంది. 80 నుంచి 120 కి వెళితే పదకొండు రెట్లు! దాన్ని మించి పాటలు వినాలంటే ఎంత పెంచాలో చూసుకోండి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు, ఆపైన మూడేసి పెరిగినప్పుడల్లా అందులో సగం... చెవికి పెట్టే హద్దు అది. 100 దగ్గర పావుగంట. కోకాపేట నుంచి శంషాబాద్ పోయేలోపే అయిపోతుంది మీ కోటా.

మగతనం సంగతి తర్వాత మాట్లాడుకుందాం గానీ, వెనక అంబులెన్సులో ఉన్నవాడికి మీ తార్ అంటే ఏంటో చెప్పండి ముందు.

నా బండిలో డ్రైవర్ వైపు మూల ఇంకా సన్నగా ఈల వేస్తూనే ఉంది, తొంభై దాటాక. ఈ ఆదివారం పొద్దున్నే టేపు పట్టుకుని మళ్ళీ ఔటర్ ఎక్కుతున్నా.