స్పార్క్ తర్వాత ఏమవుతుందో చెప్పగలరా?

టూల్‌రూమ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లారనుకోండి. ‘ఈడీఎం ఎలా పనిచేస్తుంది?’ అని అడిగారు. ‘ఎలక్ట్రోడ్‌కీ జాబ్‌కీ మధ్య స్పార్క్ వస్తుంది, ఆ వేడికి లోహం కరుగుతుంది’ అంటారు. పరీక్షలో మార్కులకు ఇది చాలు. వెంటనే ఇంకో ప్రశ్న వస్తే? ‘సరే, కరిగిన లోహం బయటికెలా వచ్చింది?’ చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఇంజినీరింగ్ మొదలయ్యేదీ ఇక్కడే.

ఒకసారి లోపలికి చూద్దాం. ఎలక్ట్రోడ్‌కీ జాబ్‌కీ మధ్య ఉండే ఖాళీ సాధారణంగా వెంట్రుక మందానికి అటూ ఇటూగా ఉంటుంది. అందులో డైఎలక్ట్రిక్ ఆయిల్. స్పార్క్ పడగానే అక్కడి నూనె ఆవిరై బుడగ పుడుతుంది. అది ఖాళీ కంటే ఎన్నో రెట్లు వెడల్పుగా పరుచుకుని, తర్వాత కుంచించుకుపోతుంది.

పల్స్ ఆగగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, కరిగిన లోహం మరిగి ఎగిరిపోతుందన్నది పాఠ్యపుస్తకాల్లో కనిపించే వివరణ. అయితే జపాన్ పరిశోధకులు హైస్పీడ్ కెమెరాలతో చూస్తే, స్పార్క్ ఇంకా నడుస్తూ, బుడగ పెరుగుతున్నప్పుడే లోహం చిమ్మడం కనిపించింది. మరో సంగతి. 1997లో కునియెదా, యోషిదా అసలు ద్రవమే లేకుండా గ్యాస్‌లోనే ఈడీఎం చేసి చూపించారు. అంటే లోహం తొలగడానికంతా ద్రవంలోని బుడగే కారణం అనలేం. 1943లో సోవియట్ శాస్త్రవేత్తలు లజరెంకో దంపతులు దారి వేసిన ఈ ప్రక్రియలో తేలాల్సినవి ఇంకా ఉన్నాయి.

‘ఉద్యోగానికి ఇదంతా ఎందుకు?’ అంటారా? మెషీన్ ముందు నిలబడ్డాక మీకు కావాల్సింది ఇదే. కరిగిన లోహంలో ఒక్కో స్పార్క్‌కి బయటికి వెళ్లేది కొంతే. మిగతాది అక్కడే గడ్డకట్టి రీకాస్ట్ లేయర్ అవుతుంది. అందులో సన్నని పగుళ్లు ఉండొచ్చు. విమాన ఇంజిన్ టర్బైన్ బ్లేడ్లకు కూలింగ్ రంధ్రాలు వేయడానికి ఈడీఎంని కూడా వాడతారు. అక్కడ ఆ పగులు చిన్న విషయం కాదు.

వరసగా స్పార్క్‌లు పడుతుంటే ఖాళీలో ఎక్కువ భాగం బుడగలే నిండుతాయి. లోహపు రేణువులు బయటికి పోకపోతే స్పార్క్ ఒకేచోట పడుతూ ఆర్కింగ్ అవుతుంది, జాబ్ పాడవుతుంది. ఆఫ్ టైమ్ ఎందుకు ఇస్తారు, ఫ్లషింగ్ ఎందుకు, ఎలక్ట్రోడ్‌ని మధ్యమధ్యలో పైకెందుకు లేపుతారు అన్నవాటికి జవాబులు ఇక్కడే ఉన్నాయి. ఇవి తెలిసినవాళ్లు సెట్టింగ్ మార్చేముందు కారణం చెప్పగలరు. తెలియనివాళ్లు పక్కవాళ్ల సెట్టింగ్ కాపీ కొడతారు.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలనుకుంటే వెళ్లండి, తప్పులేదు. కోర్ జాబ్ కావాలంటే మాత్రం నిర్వచనాల దగ్గర ఆగొద్దు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, అక్కడి కోర్సుల వివరాలు కనుక్కోండి. మిగతావాళ్లు మీ కాలేజీ వర్క్‌షాప్‌లోనో, దగ్గర్లోని టూల్‌రూమ్‌లోనో అనుమతి అడిగి, ఈడీఎం నడుస్తుండగా ఓ గంట నిలబడి చూడండి. నూనెలోంచి పైకి తేలే బుడగల్ని గమనించండి. ఆఫ్ టైమ్ తగ్గిస్తే ఏమవుతుందో ఆపరేటర్‌ని అడగండి. ఆయన చెప్పింది, మీరు చదివింది ఎక్కడ కలవలేదో రాసుకోండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న వచ్చినప్పుడు పనికొచ్చేది ఆ కాగితమే.