సివిల్స్ రాస్తున్న డాక్టర్లకు

చిరంజీవులకు,

ఎంబీబీఎస్ చేతికి రాగానే సివిల్స్‌కి కూర్చుంటున్నారని, ఐఎఫ్ఎస్ వస్తే వైద్యం మానేస్తారని విన్నాను. సర్కారు సీటు పాడుచేశారని తిట్టడానికి కాదు ఈ ఉత్తరం. ఆ పని చేసేవాళ్లు మీ ఇళ్లలోనే కావలసినంత మంది ఉంటారు. నేను చెప్పబోయేది హొరేస్ అలెన్ అనే అమెరికన్ డాక్టరు సంగతి.

ఒహాయో మనిషి. 1883లో ప్రెస్బిటేరియన్ మిషన్ తరఫున చైనా వెళ్లాడు. (అదే ఏడు డాక్టర్ అన్నా కుగ్లర్ మన గుంటూరు వచ్చారు. ఆవిడ చివరిదాకా ఆస్పత్రిని వదల్లేదు, ఆ కథ వేరు.) మరుసటి ఏడు కొరియా చేరాడు. అక్కడ మతప్రచారం నిషేధం కనుక అమెరికన్ రాయబార కార్యాలయం డాక్టరునని చెప్పుకుని కాలుపెట్టాడు.

1884 డిసెంబరు 4 రాత్రి, సియోల్‌లో తపాలా కార్యాలయం ప్రారంభమైన సందర్భంగా విందు జరుగుతోంది. తిరుగుబాటుదారులు రాణి బంధువు మిన్ యోంగ్ ఇక్‌ను కత్తులతో నరికారు. అలెన్ వెళ్లేసరికి మనిషి నెత్తుటి ముద్ద. చుట్టూ పద్నాలుగు మంది నాటువైద్యులు, పరదేశి చెయ్యి పడడానికి వీల్లేదని ఒకటే గోల. అలెన్‌కి అప్పుడు ఇరవయ్యారేళ్లు. వాళ్లను కాదని తెగిన రక్తనాళం ముడేసి, పట్టుదారంతో కుట్లు వేశాడు. కత్తి పట్టినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ఆ రాత్రిది పెద్ద గొప్ప కాదు. యాంటీబయాటిక్ అన్న మాటే లేని కాలంలో తర్వాత మూడు నెలలు ఆ గాయాలను కనిపెట్టుకుని ఉండడం గొప్ప.

మిన్ బతికాడు. రాజు గోజోంగ్ 1885 ఏప్రిల్‌లో ఆస్పత్రి పెట్టించాడు, అదీ ఆ గొడవలో ప్రాణం పోగొట్టుకున్న తిరుగుబాటు నాయకుడి ఇంట్లోనే. మొదటి ఏడాదే పదివేల మందికి పైగా రోగులు వచ్చారు. నేటి సెవరెన్స్ ఆస్పత్రి తన పుట్టుక అక్కడేనని చెప్పుకుంటుంది.

1887లో కొరియా తన తొలి రాయబారిని వాషింగ్టన్ పంపితే వెంట అలెన్ వెళ్లాడు. ముందు మా రాయబారి గడప తొక్కాలని చైనా పట్టుబట్టింది. అక్కర్లేదని అలెన్ అడ్డం తిరిగి, కొరియా రాయబారిని నేరుగా అమెరికా ప్రభుత్వం దగ్గరికే నడిపించాడు. ఇక్కడిదాకా నాకూ ముచ్చటే.

1890లో అమెరికా కొలువులోకి మారాడు, 1897కి సియోల్‌లో అమెరికా రాయబారి అయ్యాడు. ఈ మధ్యలోనే ఉన్సాన్ బంగారు గనులు, సియోల్ నుంచి రేవుకు రైలుమార్గం అమెరికన్ వ్యాపారుల పాలయ్యాయి. రాజుగారి చెవిలో ఊదింది అలెనే. ఆ చెవిని అతనికి దగ్గర చేసింది రాయబార పదవి కాదు, మిన్ ఒంటి మీది కుట్లు. 1903లో కొరియన్లను హవాయి చెరకు తోటలకు పంపించడంలోనూ అతని చెయ్యి ఉంది. గని లాభం ఒడ్డు దాటిపోయింది, కూలివాడూ ఒడ్డు దాటిపోయాడు. దీన్ని సేవ అనడానికి నాకు నోరు రాదు.

అలాగని పూర్తిగా తీసిపారేయనూ లేను. 1903లోనే వైట్‌హౌస్‌కి వెళ్లి, జపాన్‌ని వెనకేసుకు రావద్దని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌తో ముఖాముఖి వాదించాడు. అందులో అమెరికా వ్యాపారం మీది బెంగ ఎంత, కొరియా మీది ప్రేమ ఎంత అంటే విడదీయడం కష్టం. 1905లో ఉద్యోగం ఊడింది. ఆ నవంబరులో కొరియా జపాన్ గుప్పిట్లోకి పోయింది. మీకు అన్యాయం జరిగితే మాటసాయం చేస్తామని 1882 ఒప్పందంలో రాసిచ్చిన అమెరికా సియోల్‌లో కార్యాలయం మూసేసుకుంది.

రేపు మీకూ ఏదో దేశంలో పోస్టింగు వస్తుంది. అక్కడి మంత్రిగారి తల్లికి గుండెనొప్పి వస్తే, మీరు డాక్టరని తెలిసి కబురు పెడతారు. వెళ్లకుండా ఉండలేరు. మర్నాడు అదే మంత్రి ముందు మన కంపెనీ తాలూకు ఫైలు పెట్టమని పైనుంచి ఆర్డరు వస్తే ఏం చేస్తారు? నేనైతే ఆ ఫైలు ఇంకొకరి చేత పంపిస్తాను. మీరేం చేస్తారో రాయండి. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పంపితే ఒప్పుకోను.

ఆశీస్సులతో,
మీ పెద్ద డాక్టరు